డొప్పలో తెచ్చిన ఆయుష్షు

శ్రీవారికి బదిలీ అయిందంటే మనం ఏం చేస్తాం? పాల లెక్క తేల్చి, గ్యాసు కనెక్షను మార్పించి, పిల్లల టీసీలు తెప్పించి, ఊరగాయ జాడీలు పాత చీరల్లో చుట్టి లారీ ఎక్కిస్తాం. మూడు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఒకావిడకి ఇదే పని పడింది. కాకపోతే ఆవిడ భర్తగారికి బదిలీ అయింది పక్క జిల్లాకి కాదు, ఏకంగా టర్కీ సుల్తాను కొలువుకి! ఇంగ్లండు రాజుగారి రాయబారిగా ఉద్యోగం. ఆవిడకి అప్పటికి ఇరవై ఏడేళ్లు. చంకలో మూడేళ్ల కొడుకు.

ఆవిడ పేరు లేడీ మేరీ వర్ట్‌లీ మాంటెగ్యూ. 1716 ఆగస్టులో బయలుదేరి హాలెండు, జర్మనీ, వియన్నా దాటి, నడిచలికాలంలో హంగరీ మంచులో ప్రయాణం చేసింది. ఆ చలికి గడ్డకట్టుకుపోతారమ్మా, వసంతం దాకా ఆగమని వియన్నాలో పెద్దవాళ్లు ఎంత చెప్పినా వినలేదు. దారిలో కొన్ని నెలల కిందటే యుద్ధం జరిగిన మైదానం మీదుగా వెళ్లాల్సి వచ్చింది. పూడ్చిపెట్టే దిక్కు లేక మంచులో పడివున్న మనుషుల శవాలు, గుర్రాల కళేబరాలు చూసి, రాజులు సాధించే కీర్తి అంటే ఇదా అని కడుపు మండి రాసింది.

అలా చూసిందల్లా చెల్లెలికీ, స్నేహితురాళ్లకీ, తెలిసిన పెద్దమనుషులకీ ఉత్తరాలుగా రాసింది. అవి 52 ఉత్తరాలున్న పుస్తకంగా మిగిలాయి. అచ్చంగా పోస్టులో పడ్డ కాగితాలే అవి అనుకోకండి. తిరిగొచ్చాక తన డైరీనీ, పంపిన ఉత్తరాలనీ ముందేసుకుని, తీర్చిదిద్ది, శుద్ధప్రతి రాసి పెట్టుకుంది. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో కాశీకి వెళ్తూ దారి ముచ్చట్లన్నీ మిత్రుడికి రాసి పంపితే అదే 'కాశీయాత్ర చరిత్ర' అయింది కదా! ఇంటికి రాసే ఉత్తరంలో ఆ చనువు ఉంటుంది. పెద్ద పుస్తకం రాస్తున్నాను అనుకుంటే మనిషి బిగుసుకుపోతాడు. చెల్లెలికి రాస్తుంటే కళ్ల ముందు కనబడింది కనబడినట్టు వచ్చేస్తుంది.

ముఖం మీద గుంటలు

ఈవిడ మామూలు మనిషి కాదండోయ్. 1689లో పెద్ద జమీందారీ కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోయింది. ఆడపిల్లకి చదువెందుకన్న రోజులవి. తండ్రిగారి గ్రంథాలయంలో దూరి, కథల పుస్తకాలు చదువుకుంటోంది కాబోలని అందరూ అనుకుంటుంటే, తనంతట తనే లాటిన్ నేర్చేసుకుంది. తండ్రి కుదిర్చిన సంబంధం ఇష్టం లేక 1712లో ఎడ్వర్డ్ వర్ట్‌లీ మాంటెగ్యూతో లేచిపోయి రహస్యంగా పెళ్లి చేసుకుంది.

లండన్ దర్బారులో అందగత్తె అని పేరు. మాటలో పదును. అంతా బాగుందనుకుంటుండగా 1715 డిసెంబరులో మశూచి సోకింది. అంతకు రెండేళ్ల ముందు, 1713లో, ఆవిడ ఒక్కగానొక్క తమ్ముణ్ణి అదే మశూచి పొట్టన పెట్టుకుంది. ఈవిడ ప్రాణాలతో బయటపడింది గానీ, ముఖమంతా గుంటలు పడ్డాయి, కనురెప్పల వెంట్రుకలు రాలిపోయి మళ్లీ మొలవనే లేదు. అందమే ఆడదాని ఆస్తి అని చెప్పే సమాజంలో ఇరవై ఆరేళ్లకే ఆ ఆస్తి పోయింది. ఆ మచ్చల ముఖంతోనే మరుసటి ఏడాది టర్కీ బండి ఎక్కింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు దీనితో పని ఉంది.

హమామ్‌లో కాఫీ కబుర్లు

ఆవిడ ఉత్తరాల్లో ఎక్కువ పేరు పడ్డది సోఫియా నగరంలోని ఆడవాళ్ల స్నానశాల గురించి రాసింది. పెద్ద పెద్ద గుమ్మటాల కింద వేడినీటి ఊటలు. సుమారు రెండువందల మంది ఆడవాళ్లు. చలువరాతి అరుగుల మీద మెత్తలు పరుచుకుని, ఒంటి మీద నూలుపోగు లేకుండా, ఏ మొహమాటమూ లేకుండా కూర్చున్నారు. ఒకరు కాఫీ తాగుతున్నారు, ఒకరు షర్బత్ తాగుతున్నారు, మరొకరు జడ వేయించుకుంటున్నారు. ఊళ్లో కబుర్లన్నీ అక్కడే. మగవాళ్లకి కాఫీ హోటలు ఎలాగో ఆడవాళ్లకి ఇది అలాగట. మనకి ఒకప్పుడు చెరువు గట్టూ, వీధి కొళాయీ ఉండేవి చూడండి, అలాగన్నమాట!

ఈవిడ గుర్రపు స్వారీ దుస్తుల్లో వెళ్లి వాళ్ల మధ్య నిలబడింది. పరాయి దేశపు మనిషి, పైగా వింత వేషం. అయినా ఒక్కరు కూడా వెకిలిగా నవ్వలేదు, చెవులు కొరుక్కోలేదు, ఆప్యాయంగా పలకరించారట. అదే మా లండన్ దర్బారులోనైతే ఇంత మర్యాద దొరకదని ఒప్పుకుంది. నువ్వూ స్నానం చెయ్యమ్మా అని వాళ్లు బలవంతం చేస్తే, తప్పించుకోలేక పై చొక్కా తెరిచి లోపలి బిగుతు కోర్సెట్ చూపించింది. ఆ కాలపు దొరసానులు నడుము సన్నగా కనబడాలని ఒంటికి బిగించి కట్టుకునే గట్టి పట్టీల తొడుగు అది. దాన్ని చూసి వాళ్లు జాలిపడ్డారట. పాపం, మొగుడు ఈవిణ్ణి యంత్రంలో పెట్టి తాళం వేశాడు, దాన్ని విప్పుకోవడం ఈవిడ చేతిలో లేదు కాబోలు అనుకున్నారట!

నేనీ ఉత్తరం చదివినప్పుడల్లా ఇక్కడ ఆగిపోతాను. తురక ఆడవాళ్లు బందీలు అని లండన్ అంతా జాలిపడుతుంటే, ఆ ఆడవాళ్లేమో లండన్ నుంచి వచ్చినావిడే బందీ అని జాలిపడ్డారు. ఈ మాట రాయడానికి ఆవిడకి చిన్నతనం అనిపించలేదు.

అంతకు ముందు టర్కీ గురించి రాసిన ఐరోపా మగవాళ్లు అంతఃపురాల ముచ్చట్లు బోలెడు రాశారు. గడప దాటి లోపలికి వెళ్లే వీలే లేని వాళ్లకి ఇవన్నీ ఎలా తెలిశాయని ఈవిడ వెటకారం చేసింది. ఆడది కాబట్టి తనకి తలుపులు తెరుచుకున్నాయి, చూసింది, రాసింది. ముసుగు గురించి కూడా అందరూ అనుకునేదానికి ఎదురు రాసింది. ఆ ముసుగులో వెళ్తుంటే కట్టుకున్న భర్త కూడా పోల్చుకోలేడు, వీధిలో ఏ మగవాడూ వెంటపడే సాహసం చెయ్యడు, అందుకని వీళ్లే మనకన్నా స్వేచ్ఛగా తిరుగుతున్నారంది. తానూ ముసుగు వేసుకుని ఊరంతా చుట్టబెట్టింది. అక్కడి సంపన్న స్త్రీల సొమ్ము వాళ్ల చేతిలోనే ఉంటుందనీ, విడాకులైనా దాన్ని తమతో తీసుకుపోతారనీ గమనించింది. అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ సొమ్ము భర్తదే. అక్కడి భార్యలకి తమ ఆస్తి తమదే అని పూర్తిగా రాసిచ్చిన చట్టం రావడానికి 1882 దాకా పట్టింది.

అయితే ఈవిడ చూసిందంతా సత్యమే అనుకోనక్కరలేదు. రాయబారి భార్య కదా, చూసింది చాలావరకు గొప్పింటి ఆడవాళ్లనే. ఆ స్నానశాలలో జడలు వేస్తున్న బానిస పిల్లల మనసులో ఏముందో ఆవిడ అడగలేదు. అక్కడి బానిసల బతుకు లోకంలో మిగతా చోట్ల పనివాళ్ల బతుకు కన్నా తీసిపోదని తేలిగ్గా తేల్చేసింది. చదివేటప్పుడు ఇది గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా.

మిరియం అంటే జవాబు రాయమని

ఇంకో ఉత్తరంలో స్నేహితురాలికి ఓ చిన్న సంచీ పంపుతూ, ఇది టర్కీ ప్రేమలేఖ అంది. అందులో కాగితం మీద రాసిందేమీ లేదు. ఒక ముత్యం, ఒక లవంగం, దాల్చిన చెక్క, సబ్బు ముక్క, బొగ్గు, గడ్డిపోచ, జరీ పోగు, ఇలా ఏవేవో. ఒక్కో వస్తువుకీ ఒక్కో అర్థం, ఆ అర్థానికి ఒక్కో పాట చరణం. చివర్న ఉండే మిరియానికి అర్థం, జవాబు పంపమని! సిరా చుక్క అంటకుండా అలుకలూ, నిందలూ, స్నేహాలూ అన్నీ పంపుకోవచ్చన్నమాట. మన పోపులపెట్టెలో ఇంత భాష దాగివుందని ఎవరికి తెలుసు?

సూది మొన మీద

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1717 ఏప్రిల్ 1న ఎడిర్నే నుంచి శారా చిజ్వెల్ అనే చిన్ననాటి స్నేహితురాలికి రాసిన ఉత్తరం ఇది. మనకి ప్రాణాంతకమైన మశూచి ఇక్కడ ఎవరినీ ఏమీ చెయ్యడం లేదని మొదలుపెట్టి, ఎందుకు చెయ్యడం లేదో వివరంగా చెప్పింది.

సెప్టెంబరు వచ్చి ఎండలు తగ్గాక ఇళ్లవాళ్లు ఒకరికొకరు కబురు పంపుకుంటారట, ఈ ఏడు మీ ఇంట్లో ఎవరైనా మశూచి వేయించుకుంటారా అని. పదిహేను, పదహారు మంది ఒకచోట చేరతారు. అప్పుడు ఒక ముసలావిడ వస్తుంది. ఆవిడ చేతిలో ఒక కాయ డొప్ప, అందులో మశూచి తేలిగ్గా వచ్చిన మనిషి పొక్కుల రసి. సూదితో నరం దగ్గర కాస్త గీరి, సూది మొన మీద నిలిచినంత రసి అందులో పెట్టి, పైన ఒక డొప్ప ముక్క పెట్టి కట్టేస్తుంది. నాలుగైదు చోట్ల ఇలా చేస్తుంది. పిల్లలు వారం రోజులు మామూలుగా ఆడుకుంటారు. ఎనిమిదో రోజుకి జ్వరం వస్తుంది. రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు మంచం మీద ఉంటారు. ముఖం మీద ఇరవై ముప్ఫై పొక్కులు, అవీ మచ్చ లేకుండా మానిపోతాయి. మరో వారానికి లేచి తిరుగుతారు. ఇక జన్మలో మశూచి భయం లేదు.

ఈ పద్ధతిని మా దేశానికి తీసుకువస్తాను అని కూడా ఆ ఉత్తరంలోనే రాసింది. డాక్టర్లకే రాద్దును గానీ, లోకం మేలు కోసం ఇంత రాబడి వదులుకునే డాక్టరు నాకు తెలియదు, బతికి తిరిగొస్తే వాళ్లతో యుద్ధం చేసే ధైర్యం వస్తుందేమో చూడాలి అంది.

ఒక సంగతి చెప్పాలి. ఈవిడ కన్నా ముందే ఈ విషయం లండన్‌కి తెలుసు. తిమోనీ అనే డాక్టరు కాన్‌స్టాంటినోపుల్ నుంచి రాసింది 1714లో, పిలరీనీ అనే డాక్టరు రాసింది 1716లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. పండితులు చదివారు, ఆహా అన్నారు, పక్కన పెట్టారు. మచ్చల ముఖం ఉన్న తల్లి మాత్రం పక్కన పెట్టలేకపోయింది.

1718 మార్చిలో భర్త ఊళ్లో లేనప్పుడు అయిదేళ్లు నిండబోతున్న కొడుక్కి ఆ పని చేయించేసింది. ఒక గ్రీకు ముసలావిణ్ణి పిలిపించారు. ఆవిడ చెయ్యి వణుకుతోంది, సూది తుప్పు పట్టివుంది. పిల్లవాడు ఏడుస్తుంటే చూడలేక, రాయబార కార్యాలయం డాక్టరు చార్లెస్ మెయిట్‌లండ్ రెండో చేతికి తన పరికరంతో తనే చేశాడు. అన్నీ అయ్యాక ఆవిడ భర్తకి ఉత్తరం రాసింది, పిల్లవాడు ఆడుతూ పాడుతూ అన్నం కోసం తొందరపడుతున్నాడని. అక్కడే పుట్టిన చంటి కూతురికి మాత్రం వేయించలేదు. పిల్లని సాకే దాదికి అంతకుముందు మశూచి రాలేదు, పిల్ల నుంచి ఆమెకి అంటుకుంటుందేమోనని భయం. ఏ వైద్య కళాశాలా చూడని మనిషి ఎంత దూరం ఆలోచించిందో చూశారా!

వ్యాపారి పేరుతో వ్యాసం

లండన్ తిరిగొచ్చాక 1721లో ఊరంతా మశూచి విజృంభించింది. ఏప్రిల్‌లో మెయిట్‌లండ్‌ని పిలిపించి మూడేళ్ల కూతురికి వేయించింది. ఈసారి వైద్యులు వచ్చి కళ్లారా చూశారు. యువరాణి కరోలిన్ ఆసక్తి చూపింది. ఆగస్టులో న్యూగేట్ జైల్లో మరణశిక్ష పడ్డ ఆరుగురు ఖైదీల మీద పరీక్షించారు. ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు. ఆరుగురూ బతికారు, విడుదలయ్యారు. 1722లో యువరాణి తన ఇద్దరు కూతుళ్లకి వేయించింది.

దాంతో గొడవ మొదలైంది. దేవుడి చిత్తానికి అడ్డుపడటం పాపమని చర్చిలో ప్రసంగాలు. చదువురాని దేశంలో నలుగురు తెలివిలేని ఆడవాళ్లు చేసేదాన్ని మనం నెత్తిన పెట్టుకోవడమా అని ఒక డాక్టరు పుస్తకమే అచ్చేశాడు. భయానికి కారణం లేకపోలేదు. ఈ పద్ధతిలో ఎక్కించేది అసలు మశూచినే. ఒక ప్రభువు గారి పసివాడు, మరొకరి నౌకరు చనిపోయారు. ఆనాటి లెక్కల ప్రకారం ఇలా వేయించుకున్న వందమందిలో ఇద్దరు పోయేవారు. దానంతట అది వచ్చిన మశూచిలో మాత్రం ఆరేడుగురిలో ఒకరు పోయేవారు. తల్లి ముందున్నవి ఆ రెండు లెక్కలే.

డాక్టర్లు ఊరుకోక దీనికి తమ తెలివి జోడించారు. లోతుగా కోయడం, ముందే విరేచనాలు చేయించి రక్తం తీసి మనిషిని నీరసపరచడం. సూది మొనంత చాలు, ఇన్ని హంగులెందుకని లేడీ మేరీ 1722లో పత్రికకి వ్యాసం రాసింది. తన పేరు పెట్టలేదు. టర్కీతో వ్యాపారం చేసే ఒక వర్తకుడు రాసినట్టు రాసింది. కళ్లతో చూసింది తను, బిడ్డలకి వేయించింది తను, మాట చెల్లడానికి మాత్రం మగవాడి పేరు కావలసివచ్చింది!

ఆ ఉత్తరం అందుకున్న శారా చిజ్వెల్ ఏమైందంటారా? 1726లో మశూచితోనే పోయింది.

ఈ పద్ధతి మన దేశానికీ కొత్త కాదు. బెంగాల్లో బ్రాహ్మణులు ఇంటింటికీ తిరిగి ఇలాగే టీకా వేసేవారని హాల్వెల్ అనే ఆయన 1767లో లండన్ వైద్యులకి రాశాడు. మన పల్లెల్లో ఆ జబ్బు పేరు ఎత్తేవారు కాదు, అమ్మవారు పోసింది అనేవారు. వేపమండలు కట్టి, పసుపు నీళ్లు చల్లి, తల్లీ చల్లగా వెళ్లిపో అని దణ్ణం పెట్టుకునేవారు. మా అమ్మ జబ్బ మీద రూపాయి బిళ్లంత టీకా మచ్చ ఉంది. నా తరం వాళ్ల చేతి మీద ఆ మచ్చ ఉండదు. 1796లో జెన్నర్ ఇంతకన్నా భద్రమైన ఆవు మశూచి టీకా కనిపెట్టాడు. చిన్నప్పుడు ఆయనకీ పాతపద్ధతి మశూచి టీకాయే వేశారు. ఆయన రసి తీసింది సారా నెల్మ్స్ అనే పాలు పితికే అమ్మాయి చేతి పొక్కు నుంచి. మన దేశంలో 1975తో మశూచి ఆగింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. నెల్మ్స్ పేరైనా పుస్తకాలకెక్కింది. చెయ్యి వణికిన ఆ గ్రీకు ముసలావిడ పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

నిప్పుల్లో డైరీ, అచ్చులో ఉత్తరాలు

నడివయసులో, 1739లో, లేడీ మేరీ ఇంగ్లండు వదిలి ఒంటరిగా ఇటలీ వెళ్లిపోయింది. ఇరవై రెండేళ్లు తిరిగి రాలేదు. బట్టల మీద ధ్యాస లేదు, లోకం ఏమనుకుంటుందోనన్న బెంగ లేదు. పిచ్చిది అన్నవాళ్లు ఉన్నారు. అక్కణ్ణుంచి కూతురికి ఉత్తరాలు రాసేది. మనవరాలికి చదువు చెప్పించు, కానీ తన చదువు సంగతి బయటికి తెలియనివ్వద్దని చెప్పు, అవిటితనం దాచుకున్నట్టు దాచుకోమను అని 1753లో రాసింది. జీవితమంతా ఎన్ని దెబ్బలు తింటే ఆ మాట వస్తుందో కదా!

1761లో తిరుగు ప్రయాణంలో, తన టర్కీ ఉత్తరాల రాతప్రతిని రాటర్‌డామ్‌లో ఒక మతబోధకుడి చేతిలో పెట్టి, నీ ఇష్టం అంది. ఇంట్లోవాళ్లు అచ్చు వెయ్యనివ్వరని ఆవిడకి తెలుసు. ఎందుకంటే కూతురు అప్పటికి పెద్దింటి ఇల్లాలు, భర్త ఇంగ్లండు ప్రధాని కాబోతున్నాడు. తల్లి పేరు పుస్తకం మీద కనబడటం పరువు తక్కువ. 1762లో లేడీ మేరీ కన్నుమూసింది. కూతురు 500 పౌన్లు ఇచ్చి ఆ రాతప్రతి తెప్పించుకుంది. కానీ అంతకు ముందే ఎవరో దాన్ని ఓ రాత్రికి అరువు తీసుకుని నకలు రాసేసుకున్నారు! 1763లో పుస్తకం బయటకి వచ్చింది, ఐరోపా అంతా చదివింది.

తల్లి ఏళ్ల తరబడి రాసుకున్న డైరీ మాత్రం ఆ కూతురి దగ్గరే ఉండిపోయింది. తను పోయేముందు దాన్ని నిప్పుల్లో వేసింది. 1721లో మూడేళ్లప్పుడు లండన్‌లో డాక్టర్లందరి ముందూ చెయ్యి చాపిన పిల్ల ఈవిడే. ఆ కూతుర్ని నేను తప్పుపట్టలేను. తల్లి మీద పడ్డ నిందలన్నీ పెరిగే వయసులో విన్న పిల్ల మరి. కానీ ఆ డైరీలో ఏముండేదో అని మనసు పీకుతూనే ఉంటుంది.

ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ చర్చిలో లేడీ మేరీ జ్ఞాపకార్థం ఒక శిలాఫలకం ఉంది. రాజులో డాక్టర్లో పెట్టించింది కాదు. 1789లో హెన్రియెట్టా ఇంజ్ అనే ఒక వితంతువు పెట్టించింది. మశూచి నుంచి తాను తప్పించుకోవడానికి ఈ విద్యను టర్కీ నుంచి తెచ్చిన ఆవిడే కారణమని, ఆ రుణం తీర్చుకుంటున్నానని చెక్కించింది.